రాయి మీద రెండో పేరు

తన కంటే ముందే తమ్ముడు వచ్చి వెళ్లాడన్న సంగతి స్టెల్లాకు ప్లీడరు జగన్నాథరావు చెబితేనే తెలిసింది.

ఆ రోజు సోమవారం. తెనాలిలో ఒంటిపూట బడి ముగించుకుని, రైలెక్కి బాపట్లలో దిగి, ఎండలో నడిచి ఆమె ఆయన ఆఫీసుకు చేరింది. ఆఫీసంటే ఇంటి ముందు గదే. బల్ల మీద తీర్పు నకలు ఉంది.

"ప్రేమ్ కుమార్ మొన్న వచ్చాడు కదమ్మా. చెప్పలేదా?" అన్నాడు జగన్నాథరావు.

"లేదండి. ఎందుకొచ్చాడు?"

"కేసు సంగతే." ఆయన కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. "మీరూ మీరూ మాట్లాడుకోండి."

తుడవడం అయ్యేదాకా ఆయన తలెత్తలేదు. స్టెల్లా అది గమనించింది.

కేసు కర్లపాలెంలో రోడ్డు పక్కనున్న పదిహేను సెంట్ల స్థలం గురించి. స్టెల్లా తాత కోటయ్య అక్కడి రైతుల దగ్గర కూలి చేసి కూడబెట్టి ఆ స్థలం కొన్నాడు. కూతురు నాగమ్మ పేరున రిజిస్టరు చేయించాడు. ఆ నాగమ్మకు అంగలకుదురు ఆదాముతో సంబంధం కుదిరింది. ఆదాముది లూథరన్ కుటుంబం. పెళ్లికి ముందు ఆమె కర్లపాలెంలోనే బాప్తిస్మం తీసుకుని హెలెన్ అయింది. అప్పట్నుంచి రేషన్ కార్డులో, ఓటరు కార్డులో, ఆధార్‌లో ఆమె హెలెనే. పోయాక సమాధి మీదా హెలెనే. బాప్తిస్మం రాసుకున్న పుస్తకం డెబ్బై ఏడు తుఫానులో చర్చి గోడలతో పాటే పోయింది.

స్థలం ఖాళీగా ఉండిపోయింది. కోటయ్యకు అమ్మిన రైతు వారసులు దాన్నే మళ్లీ రేపల్లె రియల్ ఎస్టేట్ వ్యాపారి మోహనకృష్ణకు అమ్మారు. ఆయన కంచె వేశాడు. అక్కాతమ్ముళ్లు దావా వేశారు. దస్తావేజులో ఉన్న నాగమ్మ, వాదుల తల్లి హెలెన్ ఒకే మనిషని రుజువు కాలేదంటూ కోర్టు దావా కొట్టేసింది.

రుజువు బొత్తిగా లేకపోలేదు. అచ్చమ్మ సాక్ష్యం ఉంది. అచ్చమ్మా కర్లపాలెం పిల్లే, అంగలకుదురు కోడలే. నాగమ్మతో కలిసి నాట్లు వేసింది, హెలెన్ వీధిలోనే కాపురం చేసింది. బోనులో నిలబడి ఆ రెండు ముక్కలూ చెప్పింది. ఎదుటి ప్లీడరు ఎంత తిప్పి అడిగినా మాట మార్చలేదు. కానీ ఆమెది వాదుల చర్చి సంఘమే, వాదుల వీధే కనుక ఆమె ఒక్క మాట మీద ఆధారపడలేమని తీర్పులో రాశారు.

"అప్పీలు వేద్దాం" అన్నాడు జగన్నాథరావు. "అచ్చమ్మ సాక్ష్యాన్ని పక్కన పెట్టడం తప్పని వాదిస్తాను. పసలేని వాదనేం కాదు. కాకపోతే రెండు పేర్లూ కలిసి ఉన్నది ఏదైనా ఒక్కటి దొరికితే, అదనపు సాక్ష్యం కింద పెట్టుకోనివ్వమని పిటిషన్ వేయొచ్చు."

"అన్నీ వెతికాం కదండీ."

"వెతకండి. ఒక్కోసారి ఎదురుగా ఉన్నదే కనబడదు." ఈసారి కూడా ఆయన ఆమె వంక చూడలేదు. "వచ్చే సోమవారం ఇద్దరూ రండి, సంతకాలు పెట్టాలి. వేసవి సెలవుల్లోపు పడిపోవాలి."

"తమ్ముడు రాకపోతే?"

"మీరొక్కరే వేయొచ్చు. అప్పుడు అతన్ని అవతలి పక్షంలో చూపిస్తాం."

"అంటే?"

"మోహనకృష్ణ పేరు కింద మీ తమ్ముడి పేరు ఉంటుంది."

తడుముకోకుండా చెప్పాడు. తాను అడగబోయేది ఆయనకు ముందే తెలుసా అనిపించింది స్టెల్లాకు.

తిరుగు రైల్లో నిడుబ్రోలు దాటాక ప్రేమ్‌కు ఫోన్ చేసింది. అతను రేపల్లెలో ఒక ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాడు.

"ఎక్కడున్నావురా?"

"కొట్లోనే అక్కా."

వెనక నుంచి దేన్నో మిషనుతో కోస్తున్న చప్పుడు వచ్చింది. ఎరువుల కొట్లో కోసేదేముంటుంది?

"బాపట్ల వెళ్లావంట?"

కాసేపు మిషను చప్పుడే వినిపించింది. "ఆ. ఊరికే వెళ్లా. తీర్పు కాపీ వచ్చిందేమో కనుక్కుందామని."

"నాకు చెప్పలేదే."

"చెబుదామనే అనుకున్నా. సరే అక్కా, సారు పిలుస్తున్నారు."

ఫోన్ పెట్టేశాడు. స్టెల్లా ఫోన్ ఒళ్లో పెట్టుకుని కిటికీ బయటికి చూసింది. తీర్పు వచ్చిన రోజు కోర్టు వరండాలో తాను ఏడుస్తుంటే ప్రేమ్ "పోనీలే అక్కా" అన్నాడు. అప్పుడది ఓదార్పనుకుంది. అమ్మ బతికినంత కాలం ఏడాదికోసారి కర్లపాలెం బస్సెక్కి ఆ స్థలంలో కాసేపు కూర్చుని వచ్చేది. వెళ్లినప్పుడల్లా ప్రేమ్‌నే వెంట తీసుకెళ్లేది. తాత కోటయ్య పేరు చెప్పుకోవడానికి భూమ్మీద ఇంకేమీ లేదు. అలాంటిదాన్ని పోనీలే అనడమేంటి?

మర్నాడు స్టాఫ్ రూమ్‌లో సాయి ప్రియ టిఫిన్ బాక్సు విప్పుతూ, "నిన్న సాయంత్రం మీ తమ్ముడు కనబడ్డాడక్కా" అంది. ఆమె రోజూ రేపల్లె రైల్లో వచ్చి వెళ్తుంది. "పలకరిస్తే వినబడనట్టు వెళ్లిపోయాడు. పెద్దోడైపోయాడు."

"ఎక్కడ?"

"మా సందు చివర. మోహనకృష్ణ గారి కాంప్లెక్స్ లేదూ, కొత్తది, దాని వెనక షెడ్లలోకి వెళ్తున్నాడు."

స్టెల్లా చేతిలోని ఇడ్లీ ముక్క బాక్సులో పెట్టేసింది.

"ఏంటక్కా, చట్నీ బాలేదా?"

"బాగుందమ్మా. ఆకలిగా లేదు."

ఏ మోహనకృష్ణ అని అడగనక్కర్లేదు. రేపల్లెలో కాంప్లెక్స్ కట్టిన మోహనకృష్ణ ఒక్కడే.

బుధవారం మధ్యాహ్నం బడి అయిపోగానే రేపల్లె ప్యాసింజరెక్కింది. తమ్ముడి ఇంటికి పోలేదు, ఎరువుల కొట్టుకూ పోలేదు. సాయి ప్రియ చెప్పిన గుర్తులతో కాంప్లెక్స్ దగ్గరికి వెళ్లి, రోడ్డుకు ఇవతల చెరకు రసం బండి పక్కన నిలబడింది. కాంప్లెక్స్‌లో కింద షాపులు, పైన మోహనకృష్ణ ఆఫీసు. ఆయన పేరు బోర్డు మీద తన పిడికిలంత అక్షరాలతో ఉంది. పక్క సందులోంచి వెళ్తే వెనక షెడ్లు వస్తాయి.

చెరకు రసం సగం తాగేసరికి సందులోంచి ప్రేమ్ వచ్చాడు. అతనితో ఇంకో మనిషి ఉన్నాడు. ఇద్దరూ కలిసి గోనె సంచిలో చుట్టినదేదో మోసుకొచ్చి ట్రాలీ ఆటోలో పెట్టారు. ప్రేమ్ చొక్కా మీద తెల్లటి పొడి ఉంది. స్టెల్లా తలెత్తి చూస్తే, పైన బాల్కనీలో మోహనకృష్ణ ఫోన్ మాట్లాడుతూ కిందికే చూస్తున్నాడు. ప్రేమ్ పైకి చూడలేదు. చూడాల్సిన పని లేని మనిషిలా ఉన్నాడు.

ఆటో కదిలాక ఆమె రోడ్డు దాటింది.

"ఏంటక్కా, ఇక్కడున్నావ్?" ప్రేమ్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఆ మాట నేనడగాలి. ఎంతకి ఒప్పుకున్నావురా?"

"దేనికి?"

"అమ్మ స్థలానికి."

ప్రేమ్ అటూ ఇటూ చూశాడు. తర్వాత ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపించబోయాడు. స్టెల్లా చెయ్యి విడిపించుకుంది.

"ఇక్కడొద్దు" అన్నాడు. "రేపు బడయ్యాక అంగలకుదురు రా. సమాధుల తోటకి. అక్కడ చూపిస్తా."

"ఏం చూపిస్తావు?"

"రా, చూద్దువుగాని. వచ్చాక నువ్వే నన్ను మెచ్చుకుంటావ్."

అతను నవ్వాడు. ఆ నవ్వు చూసే ఆమెకు అనుమానం గట్టిపడింది.

ఆ సాయంత్రం తెనాలి వచ్చే రైల్లో స్టెల్లా మనసులోనే అప్పీలు సిద్ధం చేసుకుంది. తానొక్కతే వేస్తుంది. మోహనకృష్ణ పేరు కింద తమ్ముడి పేరు రాయిస్తుంది. ఆ మాట ప్లీడరు ముందే చెప్పాడంటే ఆయనకూ ఇందులో పాలున్నట్టే. వేరే ప్లీడర్ని చూసుకోవాలి. బాపట్లలో కాదు, గుంటూరు నుంచి తెచ్చుకోవాలి.

గురువారం అంగలకుదురు సమాధుల తోటలో సందడిగా ఉంది. ఈస్టరు నాడు తెల్లారకముందే సంఘమంతా అక్కడికి వచ్చి ఆరాధన చేస్తుంది. అందుకని ఆ వారమంతా ఎవరి సమాధులకు వాళ్లు గడ్డి పీకి, పగుళ్లు పూడ్చి, సున్నం కొట్టించుకుంటారు. తాపీ మేస్త్రీలు ఒక సమాధి దగ్గర్నుంచి ఇంకో సమాధి దగ్గరికి తిరుగుతుంటారు. పలుగు చప్పుడు విని ఎవరూ తలతిప్పి చూడరు.

ప్రేమ్ అమ్మ సమాధి తల దగ్గర నిలబడి ఉన్నాడు. తల వైపు గోడలో పాలరాయి పలక ఉంటుంది. దాని చుట్టూ సిమెంటు తడి ఆరలేదు.

"చదువు" అన్నాడు.

స్టెల్లా చదివింది. శ్రీమతి హెలెన్ అను నాగమ్మ. ఆదాము గారి భార్య. ప్రభువునందు నిద్రించినది. దాని కింద తేదీ.

ఆమె వంగి అక్షరాల మీద వేలు పెట్టింది. పాత పలక మీద "హెలెన్" తర్వాత ఖాళీ ఉండేది. ప్రతి ఈస్టరుకూ ఆ అక్షరాల్లో నల్ల రంగు నింపింది తానే. ఈ పలక కూడా పాతగానే ఉంది. అంచులు పసుపెక్కాయి, అక్షరాల్లో మట్టి ఇరుక్కుని ఉంది. కానీ ఇది ఆ పలక కాదు.

"ఎలా ఉంది?" అన్నాడు ప్రేమ్. "రాయి చెక్కినోడే యాసిడ్ కొట్టి, బొగ్గు పొడి రుద్దాడు. కొత్తదంటే వాడే నమ్మడు. పొద్దున మేస్త్రీతో పెట్టించేశా. అందరూ ఏదో ఒకటి చేయించుకుంటున్నారు గదా, ఎవడూ అడగలేదు."

"ఇదా నువ్వు చేస్తోంది?"

"మరేంటనుకున్నావ్?"

ఆమె పలక మీది నుంచి వేలు తీసేసింది. అతనికి అర్థమైంది.

"నన్నే అనుమానించావా అక్కా?"

"అనుమానించాను."

ప్రేమ్ అటు తిరిగి, తడి సిమెంటు మీద పడ్డ ఎండుటాకును తీసి పారేశాడు. రెండు సమాధుల అవతల ఎవరో సున్నం బకెట్టు కిందపెట్టిన చప్పుడైంది.

"ఈ ఆలోచన ఎవరిది? ప్లీడరు గారు చేయించమన్నారా?"

"చేయించమనలేదు. సమాధి రాయి మీద రెండు పేర్లూ ఉంటే కేసు మనదే, మీ రాయి మీద ఏముందయ్యా అనడిగారు. గుర్తులేదండి, చూసి చెబుతానన్నా."

"గుర్తులేదా నీకు?"

"ఉంది." ప్రేమ్ తల వంచుకున్నాడు. "పొద్దున ఫొటో తీసి పంపా. సరే అని మెసేజ్ పెట్టారు."

"ఇంకేమీ అడగలేదా?"

"అడగలేదు."

"ఎక్కడ చెక్కించావు?"

"రేపల్లెలో, బర్నబాస్ దగ్గర. తెనాలిలో అయితే రాయి చెక్కే వాళ్లందరికీ మనం తెలుసు గదా. బర్నబాస్ ఇదివరకు స్టేషను దగ్గరుండేవాడు, ఈ మధ్యే షెడ్డు మార్చాడు. నిన్న నువ్వు చూశావే, ఆ సందులోదే."

"ఆ షెడ్డు ఎవరిదో తెలుసా?"

"ఎవరిదైతే ఏంటి?"

"రోడ్డు వైపుకెళ్లి బోర్డు చూశావా?"

"నేనెప్పుడూ వెనక సందులోంచే వెళ్లా. ఎవరైనా చూస్తారని."

"మోహనకృష్ణదిరా అది. మీరు రాయి మోసుకొస్తుంటే పైన బాల్కనీలో నిలబడి చూస్తున్నాడు."

ప్రేమ్ పక్క సమాధి మీద కూర్చున్నాడు. అది వాళ్ల నాన్నదే.

"పాత రాయి ఏది?" అంది స్టెల్లా.

"అక్షరాలు అలాగే రావాలని దాన్ని తీసుకెళ్లి ఇచ్చా. అక్కడే ఉంది."

అంటే అసలు రాయి మోహనకృష్ణ షెడ్డులో ఉంది. దొంగ రాయి అమ్మ తల దగ్గర ఉంది. దాని ఫొటో ప్లీడరు దగ్గర ఉంది. స్టెల్లా ఆ మూడింటినీ మనసులో ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంది.

"అబద్ధం ఏం రాయించానక్కా?" ప్రేమ్ గొంతు పెరిగింది. "అమ్మ నాగమ్మ కాదా? తాత అమ్మను హెలెన్ అని ఒక్కసారైనా పిలిచాడా? ఉన్న మాటే గదా చెక్కించింది."

"ఉన్న మాటే. కానీ ఈ రాయి అమ్మ పోయినప్పట్నుంచీ ఇక్కడే ఉందని ప్రమాణం చేసి చెప్పాలి. ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా, నేను చెప్పాలా? అప్పుడు వాళ్లు బర్నబాస్‌ను పిలిపిస్తారు. పాత రాయి కోర్టుకి తెస్తారు. ఇది దొంగదని తేలాక అచ్చమ్మ పిన్ని చెప్పింది ఎవరు నమ్ముతారు? ఉన్న ఒక్క సాక్ష్యం కూడా మునుగుతుంది."

"నా పేరు చెబుతున్నారేంటి?"

సున్నం బకెట్టుతో అచ్చమ్మ అక్కడికే వచ్చింది. ఆమె పెనిమిటి సమాధి ఆ వరసలోనే ఉంది. చేతులకు మోచేతుల దాకా సున్నం అంటుకుని ఉంది. ఆమె పలక వంక చూసింది.

"ఏం రాయించార్రా? నాకు చదువు రాదు, చెప్పండి."

స్టెల్లా చదివి వినిపించింది.

"ఇదివరకు నాగమ్మ అని లేదుగా. సమాధి కార్యక్రమం నాడు పాస్టరు గారు చదివితే విన్నాను. హెలెన్ అన్నారు, అంతే." అచ్చమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. "కోర్టుకి చూపించడానికా?"

"అవును పిన్నీ" అన్నాడు ప్రేమ్.

"నేను చెప్పాను గదా కోర్టులో. బైబిలు మీద చెయ్యేసి చెప్పాను. రాయి చెబితే నమ్ముతారు, నేను చెబితే నమ్మరా?" ఆమె గొంతు పెంచలేదు. "వాళ్లు నమ్మలేదంటే అది వేరు. మీరు కూడా నమ్మలేదన్నమాట."

ఆమె బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. సున్నం చుక్కలు ఆమె వెనకే వరసగా పడ్డాయి.

"శనివారం పాత రాయి తెచ్చి పెట్టేద్దాం" అంది స్టెల్లా. "ఈస్టరు ఆరాధనకి ఊరంతా ఇక్కడ నిలబడుతుంది. అప్పటికి ఈ రాయి ఉండకూడదు."

"రేపే వెళ్దాం."

"రేపు గుడ్ ఫ్రైడే. బర్నబాస్ షెడ్డు తీస్తాడేంట్రా?"

శుక్రవారం గుడిలో ప్రభువు సిలువపై పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు జరుగుతున్నంతసేపూ స్టెల్లాకు ఒకటే ఆలోచన. ప్లీడరుకు ఫోన్ చేసి ఆ ఫొటో వాడొద్దని చెబుదామా? చెబితే ఆయన ఎవరికి చెబుతాడు? సరే అని ఒక్క మాట పెట్టిన మనిషి, సిమెంటు తడి చూడలేదా, చూసి ఊరుకున్నాడా? ఊరుకుంటే ఎవరి మేలు కోరి ఊరుకున్నాడు? అంతు చిక్కలేదు. ఫోన్ చేయలేదు.

శనివారం పొద్దున్నే అక్కాతమ్ముళ్లు ట్రాలీ ఆటో మాట్లాడుకుని రేపల్లె వెళ్లారు. బర్నబాస్ అప్పుడే షెడ్డు తాళం తీస్తున్నాడు. షెడ్డు నిండా రాతిపొడి. సగం చెక్కిన పలకలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటన్నిటి మీదా వేలు లోతు దుమ్ము పేరుకుంది. పాత పలక ఒక్కటే విడిగా, స్టూలు మీద, ఫొటో తీయడానికి పెట్టినట్టు అక్షరాలు పైకి ఉంది. దాని మీద దుమ్ము లేదు. ఎవరో నీళ్లు పోసి కడిగారు.

"పాతది మళ్లీ ఎందుకండీ?" అన్నాడు బర్నబాస్. "కొత్తది బాగా రాలేదా?"

"బాగానే వచ్చింది. ఇది అమ్మ గుర్తు, మా దగ్గరే ఉండాలి" అంది స్టెల్లా. "దీన్ని కడిగిందెవరు?"

"నేనేనండి."

"మిగతావి కడగలేదే?"

బర్నబాస్ తాళంచెవుల గుత్తి జేబులో పెట్టుకుని మళ్లీ తీశాడు. "దుమ్ము పడుతుంది గదా టీచరమ్మా, కడిగానండి."

ఆమె పలకను గోనెసంచిలో చుట్టించి ఆటో ఎక్కించింది. ఈసారి సందులోంచి కాక రోడ్డు వైపు నుంచి వెళ్లమంది. బాల్కనీలో ఎవరూ లేరు. ఆఫీసు తలుపు మాత్రం తెరిచే ఉంది.

మధ్యాహ్నానికి అంగలకుదురులో మేస్త్రీ కొత్త పలక ఊడదీసి పాతది పెట్టాడు. "మొన్నేగా పెట్టాను, నా పని నచ్చలేదా?" అని గొణుక్కున్నాడు. స్టెల్లా అందరి ముందూ నల్ల రంగు డబ్బా విప్పి, ఎప్పటిలాగే అక్షరాల్లో రంగు నింపింది. ఊడదీసిన పలక గడ్డిలో వెల్లకిలా పడి ఉంది.

"దీన్ని పగలగొట్టేస్తా" అన్నాడు ప్రేమ్.

"పగలగొట్టడమెందుకురా, అంత మంచి రాయి" అంది అచ్చమ్మ. ఎప్పుడొచ్చిందో వాళ్ల వెనకే నిలబడి ఉంది. "మా దొడ్లో బట్టలుతికే బండ అరిగిపోయింది. ఆటో ఎలాగూ ఉందిగా, మా ఇంటి దగ్గర పడేయించు. అక్షరాలు కిందికేసి పెట్టుకుంటాను."

"పిన్నీ, మొన్న..." అని ప్రేమ్ ఏదో చెప్పబోయాడు.

"ముందు రాయి ఎత్తించు. నడుం నొప్పి, నేను సాయం పట్టలేను."

ఆదివారం తెల్లారుతుండగా సంఘమంతా సమాధుల మధ్య నిలబడి పాటలు పాడింది. అమ్మ సమాధి దగ్గర ఆగిన వాళ్లు హెలెన్ అని చదువుకుని కొవ్వొత్తి వెలిగించి ముందుకు వెళ్లారు. ఒకరిద్దరు ఫొటోలు తీసుకున్నారు. తీసుకోనీ అనుకుంది స్టెల్లా.

సోమవారం ఇద్దరూ బాపట్ల వెళ్లారు. జగన్నాథరావు కోర్టు ఆవరణలో చెట్టు కింద కుర్చీ వేసుకుని వాళ్ల కోసం చూస్తున్నాడు. అప్పీలు కట్ట ఆయన ఒళ్లో ఉంది. పైన ఇంకో పిటిషన్ ఉంది, దానికి సమాధి రాయి ఫొటో జత చేసి ఉంది.

"ఇది తీసేయండి సార్" అంది స్టెల్లా.

"ఏంటమ్మా?"

"ఈ పిటిషన్. ఇప్పుడు మా అమ్మ సమాధి మీద ఈ రాయి లేదు. హెలెన్ అని ఒక్కటే ఉంది. మొదట్నుంచీ అంతే ఉంది."

జగన్నాథరావు ప్రేమ్ వంక చూశాడు. ప్రేమ్ చెట్టు వంక చూశాడు.

"ఇది లేకపోతే అచ్చమ్మ మాట ఒక్కటే మిగులుతుంది. గెలుస్తామని చెప్పలేను."

"ఉంటే గెలుస్తామని చెప్పగలరా?"

ఆయన కట్టలోంచి ఫొటో ఉన్న కాగితాలు లాగి, మడిచి కోటు జేబులో పెట్టుకోబోయాడు.

"అవి నాకివ్వండి" అంది స్టెల్లా.

ఒక్క క్షణం ఆగి ఇచ్చాడు. ఆమె వాటిని చింపి చేతిసంచిలో వేసుకుంది. తర్వాత ఇద్దరూ సంతకాలు పెట్టారు. తండ్రి పేరు, తల్లి పేరు రాయాల్సిన చోట ప్రేమ్ అక్క వైపు చూశాడు. "హెలెన్ అని రాయి, పక్కన నాగమ్మ అని రాయి" అందామె. "ఇది మనం చెబుతున్న మాట. దీనికి తప్పులేదు."

కట్ట పట్టుకుని ముగ్గురూ వరండా ఎక్కారు. స్తంభం దగ్గర మోహనకృష్ణ నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఆయనకు ఆ కోర్టులో వాయిదా ఏదీ లేదు. తన ప్లీడరు కూడా పక్కన లేడు.

"నమస్కారం టీచరమ్మా. అప్పీలుకా?"

"అవునండి."

"వేయండి, వేయండి. మీ హక్కు అది. అన్నట్టు అమ్మగారి రాయి మార్పించారంట. మా బర్నబాస్ పని బాగా చేస్తాడు. అది కూడా కోర్టుకి చూపిస్తున్నారనుకుంటా." ఆయన కళ్లు కట్ట మీదే ఉన్నాయి.

"చూపించడానికేముందండి, పాత రాయే గదా" అంది స్టెల్లా. "నిన్న ఈస్టరు ఆరాధనలో మా ఊరంతా చూసింది. కావాలంటే మీరూ వచ్చి చూడొచ్చు. అంగలకుదురుకి తెనాలి నుంచి ఆటోలున్నాయి."

మోహనకృష్ణ మొహంలో నవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం కట్ట మీది నుంచి ఆమె భుజం మీదుగా వెనక్కి, జగన్నాథరావు మీదికి వెళ్లాయి. స్టెల్లా తల తిప్పి చూసింది. జగన్నాథరావు వంగి చెప్పు సర్దుకుంటున్నాడు.

రాయి మాట మోహనకృష్ణకు బర్నబాస్ చెప్పాడో, బాల్కనీలోంచి ఆయనే చూశాడో తెలియదు. దాన్ని కోర్టుకు తెస్తున్నారన్న మాట మాత్రం బర్నబాస్‌కు తెలిసే వీల్లేదు. ఆ మాట తెలిసింది నలుగురికి. తనకు, ప్రేమ్‌కు, అచ్చమ్మకు, ఇంకొకరికి.

"కట్ట ఇటివ్వండి సార్" అంది. "మేమే ఇచ్చొస్తాం."

"ఫైలింగ్ సెక్షన్లో మిమ్మల్ని అడుగుతారమ్మా. నేను ఉండాలి."

"రండి. కట్ట మాత్రం మా దగ్గరుంటుంది."

ఆమె కట్ట అందుకుని ప్రేమ్ చేతికిచ్చింది. ప్రేమ్ దాన్ని రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. ఫైలింగ్ సెక్షన్ ముందు వరస చాలా పొడుగ్గా ఉంది. జగన్నాథరావు ముందుకు వెళ్లి గుమాస్తాతో మాట్లాడి వస్తానన్నాడు.

"అవసరం లేదండి" అంది స్టెల్లా. "వరసలోనే ఉందాం."

ముగ్గురూ వరసలో నిలబడ్డారు. ప్రేమ్ ముందు, అతని వెనక స్టెల్లా, ఆమె వెనక ప్లీడరు. వరస కదిలినప్పుడల్లా స్టెల్లా ఒకసారి కట్టను, ఒకసారి వెనక్కి చూసుకుంటూ ముందుకు జరిగింది.